నలభై గళ్ళు

జులై రెండు నుంచి ఆగస్టు పది దాక
వీసా ఇంక బతికే ఉన్నది.
సూపర్ మార్కెట్ క్యాలెండర్ చింపి
ఎన్క దిక్కు గీతలు గొట్టిన,
నలభై గళ్ళు.

"పైసలు చేతికచ్చినయి గద రాజలింగూ,
టికెట్ కొట్టుకోని పోరాదు?" అంటడు పోశెట్టి.
పోత.
నలభై ఒకటో దినం పోత.

పందొమ్మిదేండ్లు ఈ దేశంల బస్సు నడిపిన.
రుసైల్ క్యాంపు నుంచి ఘాలా సైటు,
ఘాలా సైటు నుంచి రుసైల్ క్యాంపు.
మీటర్ తిరిగిన లెక్కకు భూమికి ఎన్నో చుట్లు పడాలె.
నేను చూసింది ఒక పెట్రోల్ బంకు,
మూడు రౌండబౌట్లు,
రంగు వెలిసిన కుండ బొమ్మ ఒకటి.

రువిల సుధాకరన్ ఆఫీసు మెట్లెక్కి చెప్పిన:
మొదటి మూడొద్దులు మీ గుంపుతోని అస్త.
నిజ్వ కోట, గుట్ట మీది దానిమ్మ తోటలు,
మీ జెండ ఎన్క నడుస్త,
ఆగుమన్నకాడ ఆగుత,
జల్ది అంటె జల్ది ఎక్కుత.
మూడో నాటి రాత్రి నిజ్వలనే దిగిపోత.

ఆయన పెన్ను కింద పెట్టిండు.
"దిగి?"

దిగి, తెల్లారి శుక్రారం మేకల అంగడికి పోత.
మేకలను గుండ్రంగ తిప్పుకుంట అమ్ముతరట.
కొనేది లేదు.
పండ్లు చూసి ఈడు చెప్పుడు మా నాయిన నేర్పిండు,
యాదికున్నదో లేదో చూసుకోవాలె.

"అయిదో గడిల, ఆరో గడిల ఏం రాయలేదు?"
ఖాళీ.
"ఖాళీ అంటే?"
ఖాళీ అంటె ఖాళీయే.

అటెన్క సర్కారు బస్సుల సలాలకు.
స్టీరింగు ముట్టుకుంటె ఈడ చెయ్యి కాలే నెలల
ఆడ ముసురట!
ముసురుల తడిసి పందొమ్మిదేండ్లు.
సెలవెప్పుడు ఇచ్చినా ఎండలల్లనే ఇచ్చిండ్రు.
ముసురు మాత్రం గుంపుల చూడ,
పదండి పదండి అంటె ముసురుకు ఇజ్జత్ ఉండది.
నాలుగొద్దులు ఒక్కన్నే నానుత,
అయిదో నాడు మీరత్తరు గద, కలుస్త.

నెల చివర్ల తాబేళ్ళకు మల్ల మీతోనే.
రాత్రి ఇసుకల అవి గుడ్లు పెట్టేకాడికి
ఒక్కన్ని పోనియ్యరు,
గైడు ఉండాలె, గుంపు ఉండాలె.
తాబేలు మాత్రం ఒక్కతే అస్తదట.
దాని ప్లాను దానిది.

సుధాకరన్ నవ్వలే. క్యాలిక్యులేటర్ కొట్టిండు.
"దిగిన దినాలకు గూడ సీటు పైసలు కట్టాలె."
కట్టిన.
బస్సోన్ని, నాకెరుకే,
ఖాళీ సీటు గూడ డీజిల్ తాగుతది.

ఇంటిది ఫోన్ల అన్నది,
"ఫోటోలు పంపు. నీ మొఖం అద్దు,
నీ ఎన్క ఏమున్నదో అది పంపు.
ఇన్నేండ్లు బస్సు ముంగట నిలవడే పంపినవ్,
దాని నంబరు నాకు నోటికత్తది."

పొద్దున నాలుగున్నరకు
నేనే లెక్కవెట్టేది తలకాయలు.
నిద్ర తలకాయలు, తువ్వాల సుట్టిన తలకాయలు.
నలభై మూడు అయితేనే గేరు.
ఒకపారి ఒకటి తక్కువయింది.
షఫీకుల్, బంగ్లా పిలగాడు.
రెండు సార్లు హారన్ కొట్టి, ఇడిచిపెట్టి పోయిన.
ఆ దినం జీతం కోసిండ్రు.
మాపటికి లాగుల అంచుకు ఉప్పు చారలతోని అచ్చిండు.
సముద్రం దాక నడిచిండట.
ఎట్లున్నదిరా అని
నేనడుగలే.
నాకు అప్పుడు కోపమే ఉండె.

సుధాకరన్ లిస్టుల నాది నలభై నాలుగో పేరు.
పక్కన మలయాళంల ఏందో రాసిండు.
"ఎక్కుతడు, దిగుతడు" అనట,
ఆయనే చదివి చెప్పిండు.

మంచం మీద క్యాలెండర్ పరిచి ఉన్నది.
పోశెట్టి పెన్ను మూత తీసి
అయిదో గడి మీద వంగిండు.
"ఈడ ఏమన్న రాద్దామా?"

అద్దన్న.